పాత పికప్పా కొత్తదా: ఒక పంపుల మెకానిక్ కోసం చూసిన రెండు బండ్లు, వేసిన ఒక లెక్క

పికప్‌ల మీద పని మొదలుపెట్టి నాకు 19 ఏళ్ళు. షెడ్డులో రిపేర్లు ఒక పని, కొనేముందు బండి చూసిపెట్టడం ఇంకో పని, ఈమధ్య ఈ రెండోదే ఎక్కువైంది. వచ్చేవాళ్ళలో సగం మంది అడిగేది ఒకటే, పాతది తీసుకోనా కొత్తదా, ఒక్క ముక్కలో చెప్పు అని. ఒక్క ముక్కలో చెప్పలేను, చెప్తే వాళ్ళకి అన్యాయం చేసినట్టే, ఎందుకంటే ఒకే బండి ఒకరికి అన్నం పెడుతుంది, ఇంకొకర్ని అప్పులపాలు చేస్తుంది. అందుకే ఒక కేసు మొదట్నుంచి చివరిదాకా రాస్తున్నా, నేను తప్పు చేసిన చోటు కూడా దాచకుండా.

ధరలు చోటుకో రకం ఏటికో రకం కాబట్టి డబ్బుల్లో రాయట్లేదు. కొత్త బండి రోడ్డెక్కేసరికి అయ్యే మొత్తం ఖర్చుని 100 పాళ్ళు అనుకుందాం, మిగతావన్నీ దాంతో పోల్చి చెప్తా.

మనిషి వయసు 34. నీళ్ళ పంపులు, మోటార్లు బిగించడం, పాడైతే పైకి లాగి రిపేరు చేయడం అతని పని. పాత వ్యాన్ ఒకటి ఉండేది, అది ఇక పనికిరాకుండా పోయింది. మామూలుగా బండిలో వేసేది రెండు మోటార్లు, చైన్ బ్లాకు, మూడు కాళ్ళ స్టాండు, టూల్స్, పైన 6 మీటర్ల పైపులు, అంతా కలిపి 600 నుంచి 700 కిలోలు. రోజుకి 60 కిలోమీటర్లు తిరుగుతాడు కానీ ఒక్కసారిగా కాదు, 4 కిలోమీటర్లు పోయి ఆగడం, ఇంకో 6 పోయి ఆగడం, అలా ఎనిమిది తొమ్మిది చోట్ల. ఏడాదికి 18,000 అనుకోండి. చేతిలో ఉన్నది 26 పాళ్ళు.

నా దగ్గరికి వచ్చేటప్పటికే కొత్త డబుల్ క్యాబిన్ (రెండు వరసల సీట్లది) డీజిల్ పికప్ ఒకటి చూసేసి, అడ్వాన్స్ కట్టడం ఒక్కటే తక్కువగా ఉన్నాడు. 20 పాళ్ళు డౌన్ పేమెంట్, 80 పాళ్ళు ఫైనాన్స్, 10 శాతం వడ్డీకి 60 నెలలు. "నెలకి 1.7 పాళ్ళే అన్నా, రోజువారీ పనిలో వెళ్ళిపోద్ది" అన్నాడు. పని బాగున్న నెలలో వెళ్ళిపోద్ది, అది నిజమే. కానీ వానలు గట్టిగా పడ్డ నెలల్లో పంపుల పని సగానికి పడిపోతుందని అతనే ఇంకో మాటలో చెప్పాడు, ఆ నెల కిస్తీ సంగతేంటి అంటే కాసేపు మాట్లాడలేదు.

ఇక్కడే నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, ఈ కేసు అంతా దాని మీదే నడుస్తుంది. పాత బండి ఖర్చు ముద్దలా వచ్చి నెత్తిన పడుతుంది. కొత్త బండి ఖర్చు నెలనెలా కొంచెం కొంచెంగా పోతుంది కానీ పని ఉన్నా లేకపోయినా ఆగదు. ఈ రెండిట్లో మీరు ఏది తట్టుకోగలరు అన్నదే అసలు విషయం, బండి ఏ సంవత్సరం మోడల్ అన్నది తర్వాత. ముద్దని తట్టుకోవాలంటే చేతిలో కొంత డబ్బు పక్కన ఉండాలి, బండి రెండ్రోజులు ఆగితే వేరే దారి ఉండాలి. కిస్తీ తట్టుకోవాలంటే ప్రతి నెలా తప్పకుండా వచ్చే రాబడి ఉండాలి.

ఆ రోజు వాళ్ళావిడ కూడా వచ్చింది, లెక్కలన్నీ ఆమే చూస్తుంది. ఆమె అడిగిన ప్రశ్న ఇన్నేళ్ళలో నన్ను ఇంకెవరూ అడగలేదు. "అన్నయ్యా, ఏడాదికి ఎన్ని రోజులు పాత బండి ఆగిపోతే కొత్త బండే నయం అవుతుంది?" దాని జవాబు కోసమే కాగితం పెన్ను తీశా.

ముందు కొత్తది. 80 పాళ్ళ లోనుకి 60 నెలల్లో కట్టేది మొత్తం 102, అంటే వడ్డీ 22. డౌన్ పేమెంట్ కలిపితే 122. ఫుల్ ఇన్సూరెన్స్ 5 ఏళ్ళకి 12, సర్వీసింగ్, ఒక సెట్టు టైర్లు కలిపి 9. మొత్తం 143. 5 ఏళ్ళ తర్వాత అమ్మితే 50 వస్తుందని వేసుకున్నాం, అలాంటి బండ్లు అప్పుడు పోతున్న రేటు చూసే వేశాం. నికరంగా 93 పాళ్ళు.

పాతదానికి అప్పటికింకా బండి దొరకలేదు, కానీ అతను చూస్తున్న రకం 34 నుంచి 41 పాళ్ళ మధ్య ఉన్నాయి. 34 అనుకుందాం. కొన్న వెంటనే చేయించాల్సిన పనులకి 5. చేతిలో ఉన్న 26 చాలదు, ముద్ద ఖర్చుకి కొంత పక్కన కూడా ఉండాలి కాబట్టి 18 పాళ్ళు అప్పు, పాత బండ్ల లోనుకి వడ్డీ ఎక్కువ, 14 శాతం, రెండేళ్ళలో తీర్చేస్తే వడ్డీ దాదాపు 3. ఇన్సూరెన్స్ 5 ఏళ్ళకి 5. రిపేర్లకి ఏడాదికి 5 చొప్పున 25, ఇందులో నేను పిసినారితనం చేయలేదు. 5 ఏళ్ళ తర్వాత 15కి అమ్ముడుపోతుంది. నికరంగా 57. మైలేజ్ తేడా కూడా వేయాలి, పాతది లీటరుకి 11, కొత్తది 13 అనుకుంటే ఏడాదికి 250 లీటర్లు తేడా, 5 ఏళ్ళకి 1,250 లీటర్లు, అది అప్పటి రేటుకి 10 పాళ్ళు. అంటే 67.

తేడా 26 పాళ్ళు. బండి ఆగిన రోజు అద్దె బండి మాట్లాడుకుంటే అతనికి రోజుకి పావు పాలు అవుతుంది. 26ని పావుతో భాగిస్తే 104 రోజులు. అంటే కొత్తదానికంటే పాత బండి ఏడాదికి 20 రోజులకి పైగా ఎక్కువ ఆగితేనే కొత్తది లాభం. ఆమె ఆ 20కి చుట్టూ గీత గీసుకుని కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది.

మీ లెక్కలో ఈ అంకెలు వేరుగా ఉంటాయి, రోజుకి మీరు పోగొట్టుకునేది పావు కాకుండా ఒక పాలు అయితే 26 రోజులకే, అంటే ఏడాదికి 5 రోజులకే తక్కెడ తిరగబడుతుంది. అందుకే నా అంకెలు తీసుకోవద్దు, లెక్క వేసే పద్ధతి తీసుకోండి.

మధ్యే మార్గంగా 3 ఏళ్ళ బండి తీసుకుంటే అని అడుగుతారు, అతనూ అడిగాడు. దొరికినది 78 పాళ్ళు చెప్పారు. పికప్‌లు పని బండ్లు కదా, కార్లంత తొందరగా రేటు పడవు. వాడేసిన బండికి ఎక్కువ వడ్డీతో లోను తీసుకుని, వారంటీ అయిపోవస్తున్న బండిని 78కి కొనడంలో నాకు అర్థం కనపళ్ళేదు. రేటు బాగా పడే మోడల్ అయితే వేరే సంగతి. అలాగే డబుల్ క్యాబిన్ వద్దని కూడా చెప్పా. బండి మోయగల మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే లోడు, క్యాబిన్ పెద్దదైన కొద్దీ ఆ మిగిలేది తగ్గుతుంది, తొట్టి కూడా పొట్టి అవుతుంది, ఇతనివి 6 మీటర్ల పైపులు.

డబ్బు లెక్క కాకుండా కొత్త డీజిల్ అతనికి వద్దు అనడానికి ఇంకో గట్టి కారణం ఉంది, షోరూంలో దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఇప్పటి డీజిల్ బండ్లకి సైలెన్సర్ లైనులో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది, పొగలోని మసిని పట్టేస్తుంది. పట్టిన మసిని అప్పుడప్పుడు కాల్చేసుకోవాలి, దానికి లోపల సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద అరగంట ఆగకుండా నడిస్తే ఆ పని దానంతట అదే అయిపోతుంది. ఇతని బండి 4 కిలోమీటర్లకి ఆగుతుంది, ఇంజనే సరిగ్గా వేడెక్కదు. కాల్చడం మొదలవుతుంది, మధ్యలో తాళం తీసేస్తాడు, మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ తీసేస్తాడు. చాలా ఇంజన్లలో ఆ వేడి కోసం సిలిండర్‌లోకి అదనంగా డీజిల్ కొడతారు, అది పూర్తిగా కాలక గోడల వెంట కారి ఆయిల్ సంపులోకి దిగుతుంది, ఆయిల్ పల్చబడుతుంది. నా షెడ్డుకి ఇలాంటి బండ్లు వచ్చాయి, డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిల్ లెవెల్ మాక్స్ గీత దాటి పైన ఉంటుంది, ఓనరు సంతోషంగా "బండి ఆయిల్ అస్సలు తాగట్లేదు" అంటాడు. వాసన చూస్తే డీజిల్. ఆ పల్చటి ఆయిల్‌తోనే టర్బో బేరింగులు తిరుగుతున్నాయి. కొత్త పికప్ చెడ్డదని కాదు నేను చెప్పేది, ఇతని తిరుగుడుకి అది సరిపోదు. కొత్తదే కావాలంటే పెట్రోల్ ఇంజన్ చూసుకో అన్నా.

అదే వారంలో ఇంకో మనిషి వచ్చాడు, రోజుకి 250 కిలోమీటర్లు, అంతా హైవే, రాత్రిపూట సరుకు చేర్చే కాంట్రాక్టు, గంట ఆలస్యమైతే జరిమానా, దారిలో మెకానిక్ దొరకడు. అతనికి ఏ పాత బండీ చూడకుండానే కొత్తది తీసుకోమని చెప్పి పంపించేశా. ఆ తిరుగుడికి డీపీఎఫ్ హాయిగా పనిచేస్తుంది, కిస్తీకి సరిపడా బిల్లు నెలనెలా వస్తుంది, ఒక్క రోజు ఆగితే పోయేది చాలా ఎక్కువ.

సరే, పంపుల తమ్ముడి దగ్గరికి వస్తా. మొదటి బండి 9 ఏళ్ళది, మీటర్లో 92,000, అడిగింది 41 పాళ్ళు. చూడటానికి కళ్ళు చెదిరేలా ఉంది. పెయింట్ మెరుస్తోంది, సీటు కవర్లు కొత్తవి, కింద ఛాసిస్‌కి నల్లటి కోటింగ్ ఈమధ్యే కొట్టారు. అతను అప్పటికే మనసు పారేసుకున్నాడు, మొహంలో తెలుస్తోంది.

నేను ముందు చూసేది బ్రేక్ పెడల్ రబ్బరు. 92,000 తిరిగిన బండికి ఆ రబ్బరు గీతలు ఇంకా కనపడాలి. దీనికి కుడి అంచు పూర్తిగా అరిగి లోపలి ఇనుము బయటపడింది, పక్కన క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం కొత్తది. స్కానర్ పెట్టా, బండి కంప్యూటర్లో నమోదైన లోపాలు చదివే పరికరం అది. లోపాలేం చూపించలేదు, క్లీన్. కానీ స్కానర్లో ఇంకో అంకె ఉంటుంది, చాలామంది చూడరు, లోపాల కోడ్‌లు తుడిచేసిన తర్వాత బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని. అది 14 అని చూపిస్తోంది. మానిటర్లు, అంటే బండి తనని తాను చేసుకునే పరీక్షలు, చాలావరకు ఇంకా పూర్తి కాలేదు అని కూడా ఉంది. బ్యాటరీ తీసి పెట్టినా అలా అవ్వొచ్చు, అందుకే అమ్మేవాణ్ణి అడిగా, బ్యాటరీ ముట్టుకోలేదన్నాడు. అంటే మేం వచ్చేముందు ఎవరో తుడిచారు.

అయినా ఇవన్నీ బేరం తగ్గించుకునే విషయాలు, నేను బండి వదిలేయమన్నది వీటి కోసం కాదు. జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, చిన్న సుత్తి పట్టుకుని కిందికి దూరా. ఛాసిస్ మీద వరసగా తట్టుకుంటూ పోతా నేను, ముందు నుంచి వెనక్కి, రెండు వైపులా. మంచి ఇనుము ఠంగుమని గంటలా పలుకుతుంది. ఎడమవైపు వెనక చక్రం దాటాక, కమాన్లు (లోడు మోసే స్ప్రింగ్ పట్టీలు) తగిలించే బ్రాకెట్ దగ్గర శబ్దం మారిపోయింది, దబ్ దబ్ అని తడి గోడ మీద కొట్టినట్టు. ఇంకోసారి కొంచెం గట్టిగా కొట్టా. నల్ల కోటింగ్‌తో సహా అరచేయంత పెచ్చు ఊడి నా ఛాతీ మీద పడింది. దాని వెనక ఇనుము ఆకులు ఆకులుగా ఉబ్బి ఉంది, వేలితో గీకితే పొడి రాలుతోంది. అక్కడ డబ్బా ఛాసిస్ లోపల బురద పేరుకుపోయి, నీళ్ళు పోయే రంధ్రం మూసుకుపోయి, ఏళ్ళ తరబడి లోపల్నుంచే తినేసింది. పైనుంచి కోటింగ్ కొడితే అది కనపడదు, పైగా తేమ లోపలే ఉండిపోయి ఇంకా తొందరగా తింటుంది.

ఆ పెచ్చు తీసుకొచ్చి అతని చేతిలో పెట్టా. ఏం మాట్లాడలేదు, అటూ ఇటూ తిప్పి చూశాడు. "వెల్డింగ్ చేయించుకుంటే సరిపోదా అన్నా?" అన్నాడు. మంచి ఇనుము ఉన్నచోట వెల్డింగ్ నిలబడుతుంది తమ్ముడూ, తుప్పుకి తుప్పు అతికిస్తే ఏం నిలబడుతుంది. లోడంతా మోసే చోటు అది, 700 కిలోలు వేసుకుని గుంటలో దిగినప్పుడు ఆ బ్రాకెట్ ఊడితే వెనక ఇరుసు పక్కకి జరిగిపోతుంది. ఇంజన్ పోతే ఇంకో ఇంజన్ పెట్టొచ్చు, ఇతని లెక్కలో బోరు, పిస్టన్లతో ఫుల్ ఇంజన్ పని 12 పాళ్ళు, అది వేసుకున్నా పాత బండి లెక్క కొత్తదాని కిందే ఉంటుంది. గేర్ బాక్సు మార్చొచ్చు, వెనక ఇరుసులోని క్రౌన్ గేరు మార్చొచ్చు. ఛాసిస్ పోతే మాత్రం బండి పోయినట్టే. పెద్ద కంపెనీల బండ్లకి కూడా ఇది తప్పలేదు, అమెరికాలో టొయోటా టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఫ్రేములు తుప్పు పట్టడం మీద కోర్టు కేసు నడిచి 2016లో సెటిల్మెంట్‌కి వచ్చింది, దాని కిందికి వచ్చినవి సుమారు 15 లక్షల బండ్లు. ఆ బండ్ల ఇంజన్లకి ఎంత మంచి పేరో అందరికీ తెలుసు, కేసు మాత్రం కింద ఉన్న ఇనుము మీద.

రెండో బండి దొరకడానికి ఐదు వారాలు పట్టింది. 11 ఏళ్ళది, 1,70,000 తిరిగింది, ఒకే ఓనరు, 37 అడిగాడు. తొట్టి అంతా సొట్టలు, కుడి డోరు రంగు వెలిసిపోయింది, టెయిల్ గేట్ తాడుతో కట్టి ఉంది. వాళ్ళావిడ చూసి "ఇదా" అంది. కానీ డాష్ బోర్డు అరలో ఆయిల్ మార్చిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు రాసిన చిన్న పుస్తకం ఉంది, 11 ఏళ్ళది, మూడు రంగుల పెన్నులతో, ఒకే చేతిరాత. నేను ఆ పుస్తకం చూసి సగం నమ్మా, మిగతా సగం సుత్తితో చూశా. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఠంగుమంది. పైన తుప్పు ఉంది, ఎర్రగా, కానీ స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే దిగలేదు. పైపై తుప్పుకి భయపడక్కర్లేదు, దాని మీద ఎవరూ రంగు పూయకపోవడమే నాకు నచ్చింది.

పొద్దున్నే వస్తా, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు అని ముందే చెప్పా. వేడిగా ఉన్న ఇంజన్ చాలా రోగాలు దాచేస్తుంది. చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉందని తేలాకే తాళం తిప్పా. రెండు చుట్లలో అందుకుంది, ఒక గుప్పెడు తెల్లపొగ వచ్చి ఆగిపోయింది. ఆయిల్ పోసే మూత విప్పి బోర్లా పెట్టా, ఇంజన్ బోరుకి వస్తే, అంటే సిలిండర్లు అరిగిపోతే, కింది గాలి ఆ మూతని ఎగరగొడుతుంది, ఇక్కడ కొంచెం వణికి అలాగే ఉంది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, కొలిస్తే నాలుగు సిలిండర్లు 405, 400, 410, 395 పీఎస్ఐ, నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటమే కావాల్సింది. టైర్ల పక్కగోడ మీద కోడ్ చివర ఉండే నాలుగంకెలు చూశా, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, దాని ప్రకారం టైర్లు ఆరున్నర ఏళ్ళవి, గుండీలు మిగిలున్నా పక్కన పగుళ్ళు వచ్చాయి, మార్చాల్సిందే.

కదిలేటప్పుడు కింద దడ్ మని ఒక దెబ్బ, 50 దాటాక సీటు కింద వణుకు, అది ప్రొపెల్లర్ షాఫ్ట్ సెంటర్ బేరింగ్ రబ్బరు. క్లచ్ చివరికొచ్చింది. ముందు ఎడమ బాల్ జాయింట్‌లో ఆట ఉంది. వెనక డ్రమ్ములో వీల్ సిలిండర్ కారుతోంది. టైమింగ్ బెల్టు మార్చినట్టు పుస్తకంలో లేదు కాబట్టి మార్చాలి, అది తెగితే ఇలాంటి ఇంజన్లో వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. అన్నీ ఒక కాగితం మీద రాసి పక్కన ఖర్చు వేస్తే 5 పాళ్ళు, ఆ కాగితం ఓనరుకి చూపిస్తే పెద్దాయన ఒక్కొక్కటీ చదివి తలూపి 34కి ఇచ్చాడు.

ఒక విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోలేదు, అది అతనితో దాచలేదు. ఆ బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉంది, ముందు రెండు ఎయిర్ బ్యాగులు ఉన్నాయి, కానీ ఈఎస్సీ లేదు. బండి జారి తిరిగిపోబోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి దారిలో పెట్టే సిస్టం అది. అమెరికాలో 2012 మోడల్ నుంచి కార్లకీ పికప్‌లకీ అది తప్పనిసరి చేశారు, ఊరికే చేయలేదు, ఒంటరిగా అదుపు తప్పి జరిగే ప్రాణాంతక ప్రమాదాలు దానితో దాదాపు సగానికి తగ్గాయని తేలాక. పికప్‌కి అది ఇంకా ముఖ్యం, ఖాళీగా ఉన్నప్పుడు వెనక బరువే ఉండదు, తడి రోడ్డు మీద మలుపులో వెనకభాగం చటుక్కున పక్కకి వెళ్ళిపోతుంది. కొత్త బండికి ఇచ్చే డబ్బులో నిజంగా విలువైనది నా దృష్టిలో ఇదే, ఆ పెద్ద స్క్రీన్ కాదు. ఇతను తిరిగేది పగలు, నెమ్మదిగా, దగ్గర దగ్గర చోట్లకి కాబట్టి సరే అన్నాను, రోజూ హైవే ఎక్కేవాడైతే ఈ ఒక్క కారణంతోనే వద్దనేవాణ్ణి. 120 కిలోల టూల్ బాక్సుని వెనక ఇరుసుకి కాస్త ముందు తొట్టికి బోల్టులేసి బిగించాం, ఎప్పుడూ వెనక కొంత బరువు ఉండేలా. కొత్త టైర్ల విషయంలో చవక రకం వద్దని పట్టుబట్టా.

5 పాళ్ళు అనుకున్న పని 6.2 అయింది. క్లచ్ విప్పితే ఫ్లై వీల్ కాలిన మచ్చలు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు కారుతోంది. విప్పితే తప్ప తెలియనివి ఉంటాయి, అందుకే ఎస్టిమేట్ మీద పాతిక శాతం పక్కన పెట్టుకోమని అందరికీ చెప్తా.

ఇప్పుడు నా తప్పు. మూడో నెలలో ఫోన్ చేశాడు, ఫుల్ లోడుతో పొడవాటి ఎత్తు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేచిందని. కొన్న రోజే చెప్పా, ముల్లు మామూలు చోటు దాటితే ఆపేయి, ఇంటిదాకా పోదాం అనుకోవద్దు అని, పాపం అలాగే ఆపేశాడు, దానివల్ల హెడ్ గ్యాస్కెట్ బతికింది. రేడియేటర్ లోపల సగం గొట్టాలు పొరలు కట్టి మూసుకుపోయి ఉన్నాయి. నేను 40 నిమిషాలు నడిపి చూశా కదా అంటే, ఖాళీ బండి నడిపా. ఖాళీ బండికి సగం రేడియేటర్ చాలు. అతను రోజూ 700 కిలోలు వేస్తాడని తెలిసి కూడా లోడు వేసి ఎత్తు ఎక్కించి చూడలేదు. మూడు రోజులు ఆగింది, 1.2 పాళ్ళు అయింది, లేబర్ నేను తీసుకోలేదు, అది నేను పట్టుకోవాల్సింది. అప్పట్నుంచి చూసిపెట్టే ప్రతి పికప్‌కీ లోడు వేసే నడుపుతున్నా, అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే వెనక ఇసుక బస్తాలు కట్టించి అయినా సరే. లోడులోనే క్లచ్ జారేది తెలుస్తుంది, కమాన్లు ఎటు వంగుతున్నాయో తెలుస్తుంది, క్రౌన్ మోత తెలుస్తుంది.

ఇప్పటికి 26 నెలలు అయింది. 39,000 కిలోమీటర్లు తిరిగింది. మొత్తం ఆగింది 11 రోజులు: రేడియేటర్‌కి 3, సెల్ఫ్ మోటార్‌కి 2, ఇంజెక్టర్ సీలుకి 2, వెనక బ్రేకులకి 1, కమాన్ మెయిన్ పట్టీ విరిగితే 3, అది ఒకసారి 1,100 కిలోలు వేశాడు, నాకు చెప్పకపోయినా విరిగిన తీరు చూస్తే తెలిసింది, అడిగితే ఒప్పుకున్నాడు. మొదటి 6.2 కాకుండా రిపేర్లకి అయింది 8.4, లెక్క ప్రకారం ఈపాటికి 10.8 దాకా పెట్టుకోవచ్చు. అప్పు 24వ నెలలో తీరిపోయింది. మధ్యలో ఒక వానాకాలం రెండున్నర నెలలు పని దాదాపు లేదు, అప్పుడు కట్టాల్సింది నెలకి 0.86 మాత్రమే, 1.7 అయ్యుంటే ఏం చేసేవాళ్ళమో అని వాళ్ళావిడే అంది.

కష్టాలు లేవని కాదు. ఏసీ అంతంతమాత్రం, లోపల మోత ఎక్కువ, సాయంత్రానికి నడుం పట్టేస్తుందంటాడు, డ్రైవర్ సీటు స్పాంజి మార్పించాక కొంచెం నయం. పెద్ద పెద్ద భవనాల వాళ్ళు కొందరు పాత బండి చూసి పని ఇవ్వడానికి వెనకాడారని కూడా చెప్పాడు. ఆ నష్టం నా లెక్కలో లేదు, ఎలా వేయాలో నాకు తోచలేదు, బండి చూసి పని ఇచ్చే చోట పనిచేసేవాళ్ళు అది కూడా ఆలోచించుకోవాలి.

బండి ఎప్పుడు వదిలేయాలి అన్నది కూడా కొన్న రోజే రాసుకున్నాం, బండి మీద ప్రేమ పెరిగాక ఆ మాట ఎవరూ ఒప్పుకోరు కాబట్టి. ఒక ఏడాదిలో 20 రోజులకి పైగా ఆగినా, ఒక ఏడాదిలో 10 పాళ్ళు దాటి ఖర్చయినా, ఛాసిస్ మీద సుత్తి శబ్దం మారినా అమ్మేయాలి. ప్రతి ఏడాదీ వానలు వెళ్ళాక బండి తీసుకొస్తాడు, లోపలి బురద నీళ్ళతో కడిగి, రంధ్రాలు తెరిచి, ఆరాక లోపల మైనం స్ప్రే కొట్టి పంపిస్తా. పోయిన నెల వచ్చినప్పుడు సుత్తి తనే తీసుకుని కిందికి దూరాడు. నేను బయట నిలబడి విన్నా. అన్ని చోట్లా ఠంగుమంది, కుడివైపు వెనక ఒక్కచోట కొంచెం బరువుగా వినిపిస్తే ఇద్దరం మళ్ళీ చూశాం, అది లోపల ఇరుక్కున్న రాయి, తీసేశాం. ఆ పాత ఓనరు పుస్తకంలోనే కింద తేదీ వేసి 2,09,000 అని రాసుకున్నాడు.